నలభై మూడో ఫోటో

గుబ్బల నూకరాజుకి చూపు లేదు. దివ్యాంగుల సౌలభ్య కార్యాలయం వారి వెబ్‌సైటుకి అందం లేదు. మొదటిదానివల్ల ఏనాడూ ఎవరికీ ఇబ్బంది రాలేదు. రెండోదాన్ని బాగుచెయ్యాలని మాత్రం పైనుంచి ఉత్తరువు వచ్చింది.

నూకరాజుది గోదావరి ఒడ్డున ఉన్న ఆ జిల్లా కేంద్రంలో, బస్టాండులో, పదమూడో నంబరు బడ్డీ. సోడా, నిమ్మకాయ షర్బతు, మామిడి తాండ్ర, జీడిపప్పు పొట్లాలు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే. ఏ బస్సు ఏ ఊరిదో ఇంజను దగ్గు విని చెప్పేవాడు. ప్రయాణికులు విచారణ కిటికీకి పోకుండా అతని దగ్గరికే వచ్చేవారు. ఆ కిటికీలో కళ్ళున్న మనిషే కూర్చునేవాడు గానీ, అవి మూసుకుని కూర్చునేవాడు.

ఆ బడ్డీ దివ్యాంగుల కోటాలో వచ్చింది. ఏటా మార్చి ముప్పై ఒకటి లోపు కొనసాగింపు తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే మర్నాడు స్టేషను మేనేజరు వచ్చి తాళం వేస్తాడు. అది నిబంధన.

నాలుగేళ్ళ నుంచి ఆ కొనసాగింపు వెబ్‌సైటులోనే ఇస్తున్నారు. నూకరాజుది మాట్లాడే ఫోను. వేలు ఎక్కడ పెడితే అక్కడ ఏముందో చదివి చెబుతుంది. పాత వెబ్‌సైటు ఎవరు కట్టారో తెలియదు. తెల్ల పేజీ, నల్ల అక్షరాలు, అడుగున ఒక బటన్. పేరూ బడ్డీ నంబరూ చెప్పి బటన్ నొక్కితే, "మీ కొనసాగింపు పూర్తయినది" అనేది ఫోను. మూడు నిమిషాల పని. ఈలోగా అతని భార్య మరిడమ్మ రెండు సోడాలు కొట్టేది.

ఉత్తరువు జనవరిలో వచ్చింది.

"ప్రతి కార్యాలయపు వెబ్‌సైటూ దివ్యాంగులకు అందుబాటుగాను, వాడుకకు అనువుగాను, చూడముచ్చటగాను ఉండవలెను. అందలి ప్రతి ఛాయాచిత్రమునకు, చూపులేనివారు విని గ్రహించునట్లు, మాటలలో వర్ణన జతపరచవలెను. వర్ణన గల ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క మార్కు. అత్యధిక మార్కులు పొందిన జిల్లాకు పురస్కారము."

ఉపసంచాలకులు పట్టాభిరామారావు గారు దీన్ని మూడుసార్లు చదివి, మార్కుల దగ్గర కింద గీత గీశారు. వెంటనే కమిటీ వేశారు. ఏడుగురు అధికారులు, ఒక లబ్ధిదారుల ప్రతినిధి. ఆ ప్రతినిధి నూకరాజు. జిల్లా అంతా గాలించి ఎంపిక చేశామని రాసుకున్నారు. బస్టాండు ఆఫీసుకి ఎదురుగానే ఉంది.

మొదటి సమావేశంలో నూకరాజు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఉన్నది బానే ఉందండి. మూడు నిమిషాల్లో పనైపోతందండి."

"అక్కడే ఉంది లోపం, నూకరాజు గారూ," అన్నారు పట్టాభిరామారావు గారు. "మన వెబ్‌సైటులో ఒక్క ఫోటో కూడా లేదు. ఫోటోయే లేనప్పుడు వర్ణన దేనికి జతపరుస్తాం? మనకు వచ్చే మార్కులు సున్నా. అనగా చూపులేనివారి పట్ల మన చిత్తశుద్ధి సున్నా అని రికార్డవుతుంది."

"మాకు ఫోటోలు కనపడవు కదండి."

"అందుకేగా వర్ణిస్తాం అంటున్నది!"

సభ్యులు బల్లలు చరిచారు. చూపులేనివారి నిమిత్తం వెబ్‌సైటులో ఫోటోలు పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. నూకరాజు వేలిముద్ర కూడా తీసుకున్నారు. ఏం కాయితమండి అంటే, హాజరు కాయితం అన్నారు. ఏకగ్రీవంలో తానూ ఉన్నానని అతనికి వారం తరువాత తెలిసింది.

ఫోటోలకు ఆ ఆఫీసులో కరువు లేదు. బీరువాలు తెరిస్తే కాళ్ళ మీద పడ్డాయి. శంకుస్థాపనలు, రిబ్బను కత్తిరింపులు, శాలువాలు, మొక్క నాటడాలు, నాటిన మొక్కనే మళ్ళీ నాటడాలు. ఏరి ఏరి నలభై రెండు తీశారు. వర్ణనలు రాసే పని సీనియర్ అసిస్టెంటు విక్టర్ బాబు నెత్తిన పడింది.

విక్టర్ బాబు సాదా మనిషి. మొదటి ఫోటో చూసి, "మంత్రిగారు ఒకతనికి మూడు చక్రాల బండి ఇస్తున్నారు" అని రాశాడు. కాయితం పైకి వెళ్ళి ఎర్ర సిరాతో కిందకి వచ్చింది. "మర్యాద లోపించినది. వేదికనలంకరించిన పెద్దలందరినీ వరుసక్రమంలో పేర్కొనవలెను."

రెండోసారి ఇలా రాశాడు. "ఈ చిత్రమునందు గౌరవనీయులైన మంత్రివర్యులు తెల్లని వస్త్రములు ధరించి, చెరగని చిరునవ్వుతో దర్శనమిచ్చుచున్నారు. వారికి కుడివైపున గౌరవ శాసనసభ్యులు, ఎడమవైపున గౌరవ పరిషత్ అధ్యక్షులు, వారి వెనుక జిల్లా అధికారులు, హోదాల వారీగా…" అలా పేజీ నిండా. చివర్న, "బండి అందుకొనుచున్న లబ్ధిదారు ఒకరు." అది నెగ్గింది. మిగతా నలభై ఒకటీ ఆ మూసలోనే పోశాడు.

అసలు రద్దీ అప్పుడు మొదలైంది. తమ గురించి ఏం రాశాడో చూసుకోవడానికి అధికారులంతా అతని బల్ల చుట్టూ చేరారు. పదిహేడో ఫోటోలో ఒక అధికారి కళ్ళు మూసుకుని ఉన్నారు. "దీర్ఘాలోచనలో" అని మార్చారు. ఇరవై ఆరో ఫోటోలో ఇంకొకాయన స్తంభం వెనక పడిపోయారు.

"మీ మోచెయ్యి ఒక్కటే పడిందండి," అన్నాడు విక్టర్ బాబు.

"ఏమయ్యా, వినేవాళ్ళకి చూపు లేదు. వాళ్ళకి మోచెయ్యేమిటి, మనిషేమిటి? నిండుగా రాయి."

నిండుగా రాశాడు. నలభై రెండు వర్ణనలూ పన్నెండు మంది సంతకాలతో పైకి వెళ్ళి కిందకి వచ్చాయి. ఇక అవి ప్రభుత్వ రికార్డు. కామా మార్చాలన్నా నాలుగు నెలలు.

మార్చి మొదటి వారంలో కమిటీ ముందు నూకరాజు చేతికి ఫోనిచ్చి కొత్త వెబ్‌సైటు తెరవమన్నారు. ఫోను మొదలెట్టింది. మంత్రివర్యుల దగ్గర మొదలెట్టి, శాలువాల రంగులు, దండల్లో బంతిపూలు, మైకు పట్టుకున్నవారు, వారికి మైకు అందించినవారు, ఎవరినీ వదలకుండా చెప్పుకుపోయింది. పెద్దలు ఎవరి వర్ణన వచ్చినప్పుడు వాళ్ళు తల వంచుకుని, సిగ్గుపడుతూ విన్నారు. మొత్తం నలభై ఏడు నిమిషాలు. ఆ తరువాత వచ్చింది బటన్.

"ఎలా ఉంది?" అన్నారు పట్టాభిరామారావు గారు.

"బాగుందండి. ఆ బటనేదో పైన పెట్టించండి బాబూ. ముందు పని చేసుకుని, తర్వాత తీరిగ్గా వింటాం."

పట్టాభిరామారావు గారు కుర్చీలోంచి సగం లేచారు.

"మంత్రిగారి ఫోటో పైన బటనా?"

"పోనీ, దాటి కిందకెళ్ళే దారి ఒకటి పెట్టిస్తారంటండి కొన్నిట్లో. అలాంటిదన్నా…"

"గౌరవనీయులను దాటి వెళ్ళడానికి ప్రభుత్వమే దారి చూపించాలా? ఏం మాటలండీ ఇవి!"

నూకరాజు తగ్గాడు. మాట ఎందుకు పెంచుకోవడం అనుకుని, మంచిగానే అన్నాడు. "సరేలెండి. మా ఆడమనిషికి కళ్ళున్నాయి. తనే వేలితో కిందకి లాగేసి నొక్కేత్తాది."

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

"అనగా వర్ణనలు వినకుండానే?" పట్టాభిరామారావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రెండు నెలలు శ్రమించి మీకు కళ్ళు ప్రసాదిస్తే, ఆ ఫలం మీకు దక్కకుండా కుటుంబ సభ్యులు అడ్డుపడతారా? మీకు అన్యాయం జరగనివ్వం."

అక్కడికక్కడే తీర్మానించారు. వర్ణనలన్నీ ఆఖరిదాకా వినబడిన తరువాతే బటన్ తెరుచుకోవాలి. కళ్ళున్న దివ్యాంగులకు కూడా ఇదే వర్తించాలి, ఎందుకంటే సమానత్వం.

ఆ రోజు తరువాత నూకరాజు కమిటీలో నోరు విప్పలేదు.

పదిరోజులు పోయాక విక్టర్ బాబు కెమెరా పట్టుకుని బడ్డీ దగ్గరికి వచ్చాడు.

"బాబాయ్, ఓ ఫోటో తీసుకుంటాను. మార్కులెయ్యడానికి రాజధాని నించి బృందం వస్తోంది. విజయగాథ ఒకటి ఉండాలంట. నువ్వే విజయగాథవి."

"ఏం గెలిచానని?"

"విను మరి." విక్టర్ బాబు కాయితం తీసి చదివాడు. "ఈ చిత్రమునందు, నూతన వెబ్‌సైటు ద్వారా ఎవరి సాయమూ లేకుండా ఈ సంవత్సరపు కొనసాగింపును పొంది, నీలి రంగు చొక్కా ధరించి, తన పదమూడవ నంబరు బడ్డీ ముందు ఆనందముతో నవ్వుచున్న శ్రీ గుబ్బల నూకరాజు."

"కొనసాగింపు ఇంకా అవ్వలేదు కదా."

"ఫైల్లో అయిపోయింది బాబాయ్. పన్నెండు సంతకాలూ పడ్డాయి. ఫోటోయే మిగిలింది. నవ్వు."

మరిడమ్మ సోడా బుడ్డి కడుగుతూ తలెత్తింది. "ఏమయ్యా విక్టర్ బాబూ, మా ఆయన చొక్కా ఆకుపచ్చదైతే నీలం అంటావేంటి? నీకూ కనపట్టం లేదా?"

విక్టర్ బాబు కాయితం వంక చూశాడు. చొక్కా వంక చూశాడు. కాయితం మార్చాలంటే నాలుగు నెలలు. చొక్కా మార్చాలంటే అరగంట. సైకిలేసుకుని బజారుకి పోయి నీలం చొక్కా తెచ్చాడు. అది కాస్త బిగువు. మరిడమ్మ అతని పొట్ట లోపలికి నొక్కి గుండీలు పెట్టింది.

"నవ్వు బాబాయ్."

"ఊపిరాడట్లేదురా."

"అలాగే ఉండు. నవ్వులాగే ఉంది."

ఇరవై అయిదో తారీకున బృందం వచ్చింది. ముగ్గురు. ముగ్గురికీ కళ్ళు బాగా పనిచేస్తున్నాయి. పెద్ద తెర మీద వెబ్‌సైటు వేయించుకుని వేలితో పైనుంచి కిందకి జర్రున లాగారు. నలభై మూడు ఫోటోలు, నలభై మూడు వర్ణనలు, నలభై మూడు మార్కులు. పక్క జిల్లాకి పంతొమ్మిదే. ఒక్క వర్ణన వినిపించమని ఎవరూ అడగలేదు. పురస్కారం ప్రకటించారు. పట్టాభిరామారావు గారు శాలువాతో ఫోటో దిగారు. దాన్ని వర్ణించే పని విక్టర్ బాబుకి ఆ పూటే అప్పగించారు.

మార్చి ముప్పై ఒకటిన నూకరాజు పొద్దున్నే స్నానం చేసి, బడ్డీ వెనకాల స్టూలు మీద ఫోనుతో కూర్చున్నాడు. నలభై ఏడు నిమిషాలే కదా, వినేస్తే పోతుంది అనుకున్నాడు. మంత్రివర్యులు, శాసనసభ్యులు, హోదాల వారీగా అధికారులు. పదమూడో ఫోటోలో మొక్కకి నీళ్ళు పోస్తూ ఉండగా ఫోను ఆగింది. "చాలాసేపటి నుండి తాకనందున, భద్రత దృష్ట్యా మూసివేయబడినది."

పదిహేను నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే ఆ వెబ్‌సైటు మూసుకుంటుంది. అది రాజధాని నిబంధన. రెండోసారి పద్నాలుగో నిమిషంలో ముట్టుకున్నాడు. ముట్టుకుంటే వర్ణన మళ్ళీ మొదటి నుంచి. "ఈ చిత్రమునందు గౌరవనీయులైన మంత్రివర్యులు…"

ముట్టుకోకపోతే మూత, ముట్టుకుంటే మొదలు. మధ్యాన్నానికి తొమ్మిదిసార్లు అయింది. మంత్రిగారి చిరునవ్వు మరిడమ్మకి కంఠతా వచ్చేసింది. తాండ్ర కొనడానికి వచ్చిన ఒకామె, "ఏంటండీ, పెళ్ళి పిలుపా?" అని అడిగింది.

నూకరాజు కర్ర తీసుకుని రోడ్డు దాటి ఆఫీసుకి వెళ్ళాడు.

"కాయితం మీద తీసుకో విక్టర్ బాబూ. ఇరవై రెండేళ్ళ బడ్డీ. రేపు తాళం పడితే ఇద్దరం రోడ్డు మీదే."

విక్టర్ బాబు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కాయితం తీసుకుంటే వెబ్‌సైటు పనిచెయ్యట్లేదని రాసిచ్చినట్టు బాబాయ్. నిన్ననే కదా పురస్కారం గోడకి కొట్టింది. నన్ను ఏజెన్సీ కొండల్లోకి తోసేస్తారు."

లోపలి నుంచి పట్టాభిరామారావు గారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "నూకరాజు గారూ, ఈ ఏడాది జిల్లాలో ఒక్కటంటే ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క దరఖాస్తు పెండింగు లేదు. అంతా మీ సహకారమే."

దరఖాస్తు ఒక్కటి కూడా లోపలికి రాకపోతే పెండింగు ఎక్కడిది? నూకరాజు ఆ మాట అనలేదు. అన్న మాటకల్లా ఒక తీర్మానం అవుతోంది.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.

"ఎవరి కాళ్ళన్నా పట్టుకుందామా?" అంది మరిడమ్మ.

"ఎవరి కాళ్ళెక్కడున్నాయో ఆ ఫోను చెప్పింది. బూట్ల రంగుతో సహా." రెండు ముద్దలు తిన్నాడు. ఆగాడు. "ఆ నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?"

"ఎందుకయ్యా? ఊపిరాడదన్నావుగా."

"రేపు తొడుక్కోవాలి."

మర్నాడు తొమ్మిదింటికి స్టేషను మేనేజరు చలపతి తాళంకప్పతో వచ్చాడు. చెడ్డవాడు కాదు. రోజూ ఆ బడ్డీలోనే షర్బతు తాగుతాడు. అందుకని ముందు షర్బతు తాగి, గ్లాసు పెట్టేసి, అప్పుడు తాళం తీశాడు.

"ఏం చెయ్యను నూకరాజూ. కొనసాగింపు కాయితం రాలేదు. నాకూ రూలుందిగా."

"కాయితాలు లేవండి ఇప్పుడు. అంతా వెబ్‌సైటే." నూకరాజు ఫోను చేతికిచ్చాడు. "మీకు కళ్ళున్నాయి కదండి. కిందకి లాగండి. అట్టడుగున నలభై మూడో ఫోటో."

చలపతి వేలితో లాగాడు. మంత్రులూ శాలువాలూ మొక్కలూ రెండు సెకన్లలో పైకి పోయాయి. నలభై ఏడు నిమిషాల ప్రయాణం కళ్ళున్నవాడికి అంతే. అడుగున నూకరాజు, నీలం చొక్కా, బడ్డీ. కింద వర్ణన. చలపతి పైకే చదివాడు. "ఈ సంవత్సరపు కొనసాగింపును పొంది…" దాని కింద, ఆమోదించినవారు అంటూ పన్నెండు హోదాలు.

తలెత్తి నూకరాజు వంక చూశాడు. అదే చొక్కా. అదే బడ్డీ.

"నవ్వట్లేదేం మరి?" అన్నాడు చలపతి అనుమానంగా.

నూకరాజు నవ్వాడు.

అయినా మేనేజరు మేనేజరే. ఆఫీసుకి ఫోను చేసి, పట్టాభిరామారావు గారినే అడిగాడు. "సార్, పదమూడో నంబరు బడ్డీకి కొనసాగింపు అయిందా? వెబ్‌సైటులో అయిందని ఉంది. మా దగ్గర లేదు. ఏది అబద్ధమంటారు?"

అవతల ఆయన లెక్క వేసుకున్నారు. వర్ణన అబద్ధమైతే మార్కు అబద్ధం. మార్కు అబద్ధమైతే గోడ మీది పురస్కారం అబద్ధం. పన్నెండు సంతకాల్లో మొదటిది తనదే.

"ఏమండీ, అయిందా అని అడుగుతారేమిటి?" అని గద్దించారు పట్టాభిరామారావు గారు. "వర్ణన ప్రభుత్వ రికార్డు. రికార్డులో ఉన్నది జరిగినట్టే. మీ రిజిస్టరులో లేకపోతే అది మీ లోపం. ఇప్పుడే పంపుతున్నాను, ఎక్కించుకోండి."

అరగంటలో విక్టర్ బాబు ముద్ర వేసిన కాయితంతో రోడ్డు దాటి వచ్చాడు. కొనసాగింపు మంజూరు. తేదీ, ఫోటో తీసిన రోజుది. మరిడమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకుంది. చలపతి తాళం జేబులో వేసుకుని, ఇంకో షర్బతు అడిగి, గొంతు సవరించుకున్నాడు.

"విక్టర్ బాబూ, నలభై మూడు ఫోటోలున్నాయి, బస్టాండు నించి నాది ఒక్కటీ లేదేం?"

మధ్యాన్నం కోర్టు దగ్గర జిరాక్సు బడ్డీ పెట్టుకున్న పుల్లేశ్వరరావు మూడు చక్రాల బండి తోలుకుంటూ వచ్చాడు. అతనికి కాళ్ళు పనిచెయ్యవు, కళ్ళు దివ్యంగా పనిచేస్తాయి. సమానత్వం వల్ల అతనికీ బటన్ తెరుచుకోలేదు. అక్కడ తాళం వెయ్యాల్సిన కోర్టు నాజరు సాయంత్రం దాకా గడువిచ్చాడట.

"నీకెలా అయింది నూకరాజూ?" బండి ఆపకుండానే అడిగాడు. "నేను పదకొండుసార్లు విన్నాను. ఆ ఇరవై ఆరో ఫోటో ఆయన ఎవరయ్యా, అంత నిండుగా ఉన్నాడు? అక్కడ చూస్తే మోచెయ్యే కనపడతంది!"

"అది వదిలెయ్."

"సరే వదిలేశా. దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పు. పెన్నూ కాయితం తెచ్చా. ఏం రాయాలి?"

నూకరాజు తన ఒంటి మీది చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. హాయిగా ఊపిరి పీల్చుకుని, చొక్కా తీసి పుల్లేశ్వరరావు ఒళ్ళో పెట్టాడు.

"ఏమీ రాయక్కర్లేదు. ఇది తొడుక్కుని విక్టర్ బాబు దగ్గరికెళ్ళి నవ్వు."